గాలి పరీక్ష

ఆ పొద్దు పదీ నలభైకి
లైన్ క్లియర్ ఇచ్చింది నేనే.
సబ్‌స్టేషన్ లాగ్ బుక్కులో నా రాత ఉండాది, చూస్కోండి:
బెళుగుప్ప ఫీడరు బంద్. వన్నూరప్ప అడిగినాడు. ఇచ్చినా.

బ్రేకరు తీసింది నిజం.
మీటరు ముల్లు సున్నా మీద పడుకున్నది నిజం.
ఊరి చివర పెండ్లి మండపంలో
ఎవరో జనరేటరు తిప్పినారు.
కరెంటు వెనక్కి నడిచొచ్చింది,
బాకీ వసూలుకొచ్చినోడి మాదిరి, దొడ్డిదారిన.

శనక్కాయ చేన్లో కలుపు తీస్తాండిన హనుమక్క
పోలీసులకు చెప్పింది:
"టపాకాయ అనుకుంటి సామీ, పెండ్లి కదా అని."

కర్నూలు పెద్దాసుపత్రిలో
ఎడమ చెయ్యి మోచేతి కాడికి తీసేసినారు.

విచారణ రిపోర్టు ఒకటిన్నర పేజీ.
చివరి వాక్యం:
"చేతి తొడుగులు ధరించకపోవడం ఉద్యోగి నిర్లక్ష్యము."
ఆ 'ము' చూడండి, ఎంత ఇస్త్రీగా ఉండాదో.

తొడుగులకు మూడుసార్లు ఇండెంటు పెట్టినాం.
మూడుసార్లూ స్టోరు నుంచి అదే ఎర్ర సిరా:
స్టాకు లేదు.
లేని తొడుగు వేసుకోకపోవడానికి
తెలుగులో మాట నిర్లక్ష్యమే, కాదనను.
ఎవరిదని అడుగుతాండా, అంతే.

యూనియన్ ఆఫీసంటే ఏముంది,
ఉరవకొండలో సైకిల్ షాపు మీద ఒక రూము,
రెండు బెంచీలు, కాలిరిగిన కుర్చీ.
మొదటి లెటర్లో తిట్లు ఎక్కువైనాయి.
రెండోదాంట్లో దండాలు ఎక్కువైనాయి.
మూడోది బిల్లింగు సెక్షను ఖైరున్ రాసింది:
ఆ వాక్యం కొట్టేయాల.
తొడుగులు, ఎర్తు రాడ్లు ఇయ్యాల.
ఇచ్చేదాకా ఎవరమూ స్తంభం ఎక్కం.
'ప్రార్థించుచున్నాము' ఎక్కడా లేదు.
వెతికి చూసినాం కూడా, అలవాటు కొద్దీ.

టెంటు వేసిన ఐదో దినం రైతులొచ్చినారు, కొట్లాటకే.
వాళ్ళ తప్పేం లేదు, మోటర్లు ఆడక మిరప వాడిపోతాండాది.
వన్నూరప్ప ఏం మాట్లాడలే.
భుజం మీది తువ్వాల తీసినాడు.
గోవిందప్ప అనే పెద్దాయన శానాసేపు చూసి
"మా ట్రాన్స్‌ఫార్మరుకు ఫీజు ఏసేది ఈ సెయ్యేనా" అన్నాడు.
మర్నాడు గంపెడు దోసకాయలు పంపినాడు.
మోటరు సంగతి మాత్రం మళ్ళీ అడిగినాడు.

తొమ్మిదో దినం పెద్దసారు కబురు:
రెగ్యులరోళ్ళకు ఇస్తాం,
ఔట్‌సోర్సింగు పిల్లోళ్ళు మా లెక్కలో లేరు.
మాలో కొందరు లేచినారు, అబద్ధమెందుకు,
చెప్పులు కూడా తొడుక్కున్నారు.
నేనూ ఒక కాలికి తొడిగినా.
అప్పుడన్నాడు వన్నూరప్ప, ఎండలోకి చూస్తా:
"కరెంటు ఆర్డరు కాపీ అడగదప్పా."

చెప్పులు విడిచినాం.

ఆ వాక్యం ఇంకా 'పరిశీలనలో' ఉండాది.
పెట్టె మాత్రం వచ్చింది.
పన్నెండు జతలు, కొత్త రబ్బరు వాసన.
"సంతకం పెట్టు," స్టోర్ కీపరు రిజిస్టరు తోసినాడు.
"ఆగు."

తొడుగు నోరు మూసి నేను చుట్టుకుంటా వస్తి.
గాలి లోపల చిక్కి ఐదు వేళ్ళూ ఉబ్బినాయి,
ఎవరిదో బతికిన చెయ్యి మాదిరి.
ఆయన చెవి కాడ పెట్టినా.
ఎవరో ఫ్యాను ఆపినారు.
ఇరవై మందిమి ఊపిరి బిగబట్టి
ఒక మనిషి వింటాంటే చూస్తాండాం.

పదకొండు జతలు మాట్లాడలే.
పన్నెండోదాంట్లో, బొటనవేలి మొదట్లో,
సన్నగా
స్స్‌స్

వన్నూరప్ప రిజిస్టరు తనవైపు తిప్పుకున్నాడు.
"ఎర్ర పెన్ను ఇటియ్యి" అన్నాడు.
కుడిచేత్తో, మెల్లగా, గుండ్రంగా రాసినాడు:
పదకొండు ముట్టినవి.
ఒకటి, స్టాకు లేదు.